తుంటి మీది నెలవంక

కెర్గెన్
1966 మార్చి 14, సోమవారం

ఒరే హెర్వే,

నువ్వు బయల్దేరి పన్నెండు రోజులైంది. ఒక్క కార్డు ముక్క రాలేదు. నీకన్నా నీ వెంట వచ్చిన గుర్రాలు నయం. రైలు పెట్టె ఎక్కేముందు తలలు తిప్పి ఊరివైపు ఒకసారి చూశాయి. ప్రతి మార్చిలోనూ నా రెండు చెంపలకీ ముద్దు పెట్టి, "అక్కా, జూలైలో నల్లగోధుమ అట్లు పోసి పెట్టు" అని వెళ్ళేవాడివి. ఈసారి టోపీ సర్దుకుంటూ నేలచూపులు చూస్తూ వెళ్ళావు. నేను గమనించలేదనుకోకు.

సర్కారు గుర్రాలశాల బోసిపోయింది. మగగుర్రాలు జూలై దాకా పల్లెల్లో ఉండి అక్కడి ఆడగుర్రాలతో జతకట్టడం, సాయీసులు వాటి వెంటే పోయి పరాయి ఇళ్ళ అటకల మీద పడుకోవడం నాన్న కాలం నించీ ఉన్నదే కాబట్టి నాకు దిగులేం లేదు. దిగులంతా ఊరు చూడవచ్చే వాళ్ళకే. గురువారం, ఆదివారం ఎప్పటిలాగే నేనే వాళ్ళని తిప్పుతున్నాను. పాత వంతెన, చర్చి, చెక్క దూలాల ఇళ్ళు చూపించి ఆఖర్న శాలకు తీసుకొస్తే, నూట పది గుర్రాలు ఉండాల్సిన చోట మూడు నిలబడి ఉంటాయి. నిన్న రెన్ పట్నం నించి వచ్చిన ఒకావిడ, "గుర్రాల ఊరన్నారు, గుర్రాలేవమ్మా?" అని నిలదీసింది. "పెళ్ళిళ్ళకి వెళ్ళాయండీ" అన్నాను. మొగుడు నవ్వాడు గానీ ఆవిడ నవ్వలేదు.

నా పరువు కాపాడుతున్నది తాంబూరే. మిగతా రెండూ ముసలివి, జనం రాగానే వెనక్కి తిరిగి నిలబడతాయి. తాంబూర్ మాత్రం నా గొంతు వినగానే సకిలిస్తాడు. తల్లి చచ్చిన పిల్లకి ఏడు వారాలు సీసాతో పాలు పట్టి బతికించానని చెబితే, ఇప్పటి ఆ కొండంత శరీరాన్ని చూసి ఎవరూ నమ్మరు. పద్నాలుగేళ్ళొచ్చినా నా జేబులు వాసన చూడటం వాడు మానలేదు.

అసలు వాణ్ణి ఎందుకు వదిలేసి వెళ్ళావు? వెనక కాలి కీలు వాచిందన్నావు. నిన్న జనం వెళ్ళాక నాలుగు కాళ్ళూ తడిమి చూశాను. వాపు లేదు, వేడి లేదు. ఇంతలో పెద్ద సాయీసు ల మోవాల్ గారు వెనక నించి వచ్చి, "గుర్రం కాళ్ళు పట్టుకున్నావేం సోయిజిక్? ఏం తప్పు చేశావు?" అని వెటకారం చేశాడు. నవ్వుతూనే నన్ను బయటికి పంపి తలుపుకి గడియ పెట్టాడు. ఇరవై ఏళ్ళలో పట్టపగలు ఆ తలుపుకి గడియ పెట్టడం నేను చూడలేదు.

ఏం జరుగుతోందో రాయి. అబద్ధం రాస్తే నాకు తెలిసిపోతుంది.

అక్క,
సోయిజిక్


లాన్వెల్
మార్చి 21

అక్కా,

ఉత్తరం ఆలస్యమైంది, తప్పు నాదే. ఇక్కడ ఒకటే వాన. గుర్రాలు బాగున్నాయి. పని ఎక్కువగా ఉంది. అటక వెచ్చగానే ఉంది. ఇంటివాళ్ళు మంచివాళ్ళు, కడుపునిండా పెడుతున్నారు. వీళ్ళ యాపిల్ కల్లు కూడా బాగుంటుంది.

తాంబూర్ కాలి వాపు పైకి కనిపించేది కాదు, కీలు లోపల ఉంది. విశ్రాంతి ఇస్తే సర్దుకుంటుంది. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకో. జనాన్ని వాడి ఎడమవైపు వెళ్ళనివ్వకు. కుడివైపు నించే చూపించు. నువ్వు కూడా దగ్గరికి వెళ్ళేముందు పిలిచి వెళ్ళు. నొప్పి వల్ల చిరాకుగా ఉంటాడు, అంతే.

ల మోవాల్ గారి మీద లేనిపోని అనుమానాలు పెట్టుకోకు. నువ్వు పాలవాణ్ణి కూడా అనుమానించే మనిషివి. వాడు నీళ్ళు కలిపిన మాట నిజమే అనుకో, అయినా సరే.

హెర్వే


కెర్గెన్
ఏప్రిల్ 6, బుధవారం

హెర్వే,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివినకొద్దీ నచ్చడం మానేసింది.

పోయినేడాది నువ్వున్న ఇంట్లో ముసలమ్మకి ఏ మోకాలు నొప్పో, కుక్క పేరేమిటో, పెద్దకోడలు ఎవరితో మాట్లాడదో అన్నీ రాశావు. ఈ ఏడు 'ఇంటివాళ్ళు మంచివాళ్ళు'. పేర్లు లేని మంచివాళ్ళని నేనెక్కడా చూడలేదు. పైగా ఉత్తరం మీద లాన్వెల్ అని ఉంది, కవరు మీద ముద్ర మాత్రం త్రెమార్గ్ తపాలా కార్యాలయానిది. నా కళ్ళజోడు మోసమేమోనని రొట్టెల కొట్టు ఆవిడకి చూపించాను. ఆవిడా త్రెమార్గే అంది.

ఆ ఊరి పేరు మన గుమ్మంలోకి కవరు మీద కూడా రాకూడదని నీకు తెలుసు. పదిహేనేళ్ళ కిందట ఎఫ్లామ్ కెర్‌బ్రా పెరట్లో, వాడు పట్టుకున్న ఆడగుర్రమే జతకట్టించడానికి వెళ్ళిన నాన్న గుండె మీద తన్నింది. వెనక కాళ్ళకి కట్టు వేసి ఉంటే తన్నేది కాదు. కట్టు ఎందుకు లేదని నేనడిగితే వాడు నోరు విప్పలేదు. శవం దగ్గరికి వచ్చి కూడా గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. తప్పు చెయ్యనివాడు గోడవైపు ఎందుకు చూస్తాడు? నువ్వు వాడి దగ్గర ఉన్నావా? అవునో కాదో ఒక్క ముక్కలో రాయి.

ఇక తాంబూర్ సంగతి. పద్నాలుగేళ్ళుగా... కాదు, శాలకొచ్చాక పదకొండేళ్ళుగా దాటుతున్న గడప దగ్గర మొన్న తూలాడు. ఆదివారం ఒక పెద్దాయన నా మాట వినకుండా ఎడమ నించి చెయ్యి చాపితే, గోడకేసి గుద్దుకునేంతగా ఉలిక్కిపడ్డాడు. దెబ్బలు తిన్న జంతువే అలా ఉలిక్కిపడుతుంది. ఎడమవైపు నించి వాణ్ణి కొట్టేవాడెవడో శాలలో ఉన్నాడు. ఆ వైపు ఎవరినీ వెళ్ళనివ్వొద్దని నువ్వు ముందే రాశావంటే, ఆ సంగతి నీకు తెలుసన్నమాట. ల మోవాల్ గారు వాడి నుదుటి జూలు దువ్వి ఎడమ కంటి మీదికి వేస్తున్నాడు. నేను పక్కకి తీయబోతే, "వదిలెయ్, అలాగే అందంగా ఉన్నాడు" అన్నాడు. ఆయనకి అందం మీద ఇంత శ్రద్ధ ఎప్పటి నించి?

శనివారం పొడుగు నల్లచొక్కా తొడుక్కున్న మనిషి ఒకడు వచ్చాడు. చేతిలో కర్ర, జేబులో చెయ్యి, గుర్రాల బేరగాడి వేషమే. బండ్ల కొట్టంలో నేను పెద్ద బండి వెనక ఉన్నానని వాళ్ళకి తెలియదు. ల మోవాల్ గారు అతనితో, "ఆ అక్కగారి చెవిన మాత్రం పడనివ్వకయ్యా. తెలిసిందంటే ఊరు ఏకం చేస్తుంది" అన్నాడు. ఆ అక్కగారు ఎవరో నాకు తెలుసు.

వాణ్ణి మాంసానికి అమ్మేస్తున్నారు హెర్వే. నా వాణ్ణి. నాకు దాచకు.

సోయిజిక్


లాన్వెల్
ఏప్రిల్ 15

అక్కా,

నేను లాన్వెల్‌లోనే ఉన్నాను. ఇక్కడి తపాలా పెట్టె రెండు రోజులకోసారి గానీ తెరవరు. అందుకని సైకిల్ మీద త్రెమార్గ్ వెళ్ళి వేస్తున్నాను. ఎఫ్లామ్‌ని నేను చూడలేదు. చూసినా మాట్లాడేది లేదు.

తాంబూర్‌ని ఎవరూ కొట్టడం లేదు. పెద్ద సాయీసు చేతిలో కొరడా ఎప్పుడైనా చూశావా? వయసు పైబడుతోంది, తూలడం సహజం. వచ్చినతను శాలకి గడ్డి అమ్మేవాడై ఉంటాడు. నల్లచొక్కా వేసుకున్న ప్రతివాడూ కసాయి కాదు.

మాంసానికి ఎవరూ అమ్మడం లేదు. నా మీద నమ్మకం ఉంటే ఆ ఒక్క మాట నమ్ము. నేను జూలైలో వచ్చి ఎదురుగా కూర్చుని అంతా చెబుతాను. అప్పటిదాకా ఎవరినీ ఏమీ అనకు, ఏమీ చెయ్యకు.

కోళ్ళు గుడ్లు పెడుతున్నాయా? ఈసారి వాటి సంగతి రాయి.

హెర్వే


కెర్గెన్
మే 4, బుధవారం

కోళ్ళు బాగానే ఉన్నాయి. వాటి సంగతి అయిపోయింది.

'జూలైలో అంతా చెబుతాను' అన్నావు. అంటే చెప్పాల్సింది ఉందని నువ్వే ఒప్పుకున్నావు. నాకు అది చాలు.

నిన్న తాంబూర్ ఒంటికి బ్రష్ వేస్తానని శాలలో మిగిలిన సాయీసు మాతురాన్‌ని బతిమాలుకున్నాను. ఆ మనిషికి నోరు లేదు, తలుపు తీశాడు. తుంటి దాకా వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. కుడి తుంటి మీద వెంట్రుకలు కత్తిరించి ఉన్నాయి. బొటనవేలంత నెలవంక, అంచులు సాఫుగా, ఎవరో తీరిగ్గా కూర్చుని చేసినట్టు. గుర్రపు సంతలో మాంసం బేరగాడు బేరం కుదరగానే జేబులోంచి కత్తెర తీసి తుంటి మీద తన గుర్తు వేస్తాడని నీకు నేను చెప్పాలా? చిన్నప్పుడు ఆ గుర్తు పడ్డ గుర్రాల వెంట నువ్వు వంతెన దాకా ఏడుస్తూ పోయేవాడివి. నేను నీ చొక్కా పట్టుకుని వెనక్కి లాక్కొచ్చేదాన్ని.

మిగతా రెండు ముసలివాటినీ వెనక్కి తిప్పి మరీ చూశాను. వాటికి గుర్తు లేదు. మూడింటిలోనూ మనవాడొక్కడే పనికొచ్చాడు వాళ్ళకి. ల మోవాల్ గారి దగ్గరికి వెళ్ళి సూటిగా అడిగాను.

"ఆ గుర్తేమిటండీ?"

"ఏ గుర్తు?"

"కళ్ళున్నాయి నాకు."

"ఉన్నాయిలే, కావాల్సిన దానికన్నా ఎక్కువే ఉన్నాయి. సోయిజిక్, మీ తమ్ముణ్ణి అడుగు. నన్నడగకు. నేను మాటిచ్చాను."

ఎవరికిచ్చాడు మాట? నీకా, కసాయికా?

శనివారం పొద్దున లారీ వస్తుందని మాతురాన్ నోరు జారాడు. ల మోవాల్ గారేమో శుక్రవారం సాయంత్రమే వాన్ పట్నం వెళ్ళిపోతున్నాడు, అక్కడి చర్చిలో మనవరాలి తొలి సత్ప్రసాదం వేడుకట. పని కానిచ్చి, ఆ సమయానికి ఊళ్ళో లేనని చేతులు కడుక్కోవడానికి ఎంత మంచి ముహూర్తం చూసుకున్నాడో.

రేపు గురువారం. పిల్లలకి బడి ఉండదు, జనం బాగా వస్తారు. ఆ సందట్లో నేనొక చిన్న పని చెయ్యబోతున్నాను. ఏమిటో రాయను. నువ్వు నాకు అన్నీ రాస్తున్నావా? అమ్మ కుట్టు కత్తెరకి ఇవాళ సాన పట్టించానని మాత్రం చెబుతాను.

సోయిజిక్


త్రెమార్గ్
మే 6, శుక్రవారం

అక్కా,

పైన ఊరి పేరు చూశావుగా. ఈసారి నిజమే రాశాను. మార్చి నించీ ఇక్కడే, ఎఫ్లామ్ ఇంటి అటక మీదే ఉంటున్నాను. ఈ ఏడు చీటీల్లో నాకీ ఊరు పడింది. నీతో చెప్పే ధైర్యం లేక నేల చూస్తూ రైలెక్కాను. లాన్వెల్ పేరు మీద వచ్చే నీ ఉత్తరాలని తపాలావాడు నాకిక్కడే ఇచ్చేవాడు.

ఇంకా పెద్దది ఉంది. తాంబూర్‌కి చూపు పోతోంది. కాలి వాపు నేను కల్పించింది. నెలకోసారి ఎడమ కన్ను ఎర్రబడి నీరు కారడం, తగ్గినట్టే తగ్గి మళ్ళీ రావడం శీతాకాలంలోనే చూశాను. జనవరికి ఆ కంట్లో నీలంగా పొర కమ్మింది. ఇప్పుడు కుడికన్నూ మొదలైంది. ఈ జబ్బు పుట్టే పిల్లలకీ వస్తుందని, అలాంటి మగగుర్రాన్ని శాలలో ఉంచరు. ఎవరూ కనిపెట్టలేదు. నోరు మూసుకుంటే ఈ ఏడాది గడిచిపోయేది. కానీ ఆ జబ్బుని ఊరూరా పంచలేక నేనే వెళ్ళి చెప్పాను. నువ్వు పాలు పట్టి పెంచినవాణ్ణి నా నోటితో శాలలోంచి తీసేయించాను. నీకెలా చెప్పను?

తీసేసిన గుర్రాలన్నిటినీ మాంసం బేరగాడు గంపగుత్తగా కొంటాడు. వాణ్ణి తప్పించాలని ల మోవాల్ గారు పైవాళ్ళ దగ్గర తిరిగి తిరిగి, విడిగా ఎవరైనా కొంటే ఇచ్చేలా ఒప్పించాడు. చూపులేని గుర్రాన్ని ఎవరు కొంటారు? ఇక్కడ ఎఫ్లామ్‌కి యాపిల్ గానుగ ఉంది, రాతి తొట్టి చుట్టూ గుర్రం తిరిగే పాత గానుగ. దానికి కళ్ళతో పని లేదు. నేను అడగలేదక్కా, అతనే అడిగాడు. "మీ అక్క పెంచిన గుర్రమా? నాకివ్వు. ముసలితనం వచ్చి పోయేదాకా నా దగ్గరే ఉంటాడు" అన్నాడు. అతను శాలకొస్తే నువ్వు చూస్తావని నల్లచొక్కా తొడిగి బావమరిదిని పంపాడు. ఆ నెలవంక ఎఫ్లామ్ గుర్తు.

సంతలో లెక్క వేరు, శాల పెరట్లో లెక్క వేరు. అక్కడ మాంసం బేరగాడు గుర్తు వెయ్యడు, మొత్తం వాడిదే కాబట్టి. విడిగా అమ్ముడైనదాన్ని లారీవాడు పొరపాటున ఎక్కించుకోకుండా దానికొక్కదానికే గుర్తు వేస్తారు. అమ్మకాల రోజున ఆడవాళ్ళని పెరట్లోకి రానివ్వరు, నీకు తెలిసే దారి లేదు. శనివారం మధ్యాహ్నం ఎఫ్లామ్ స్వయంగా వచ్చి తోలుకుపోతాడు. నువ్వు ఆ గుర్తు జోలికి పోకు. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ కత్తెర పెట్టెలో పెట్టెయ్.

హెర్వే


కెర్గెన్
మే 9, సోమవారం

హెర్వే,

నీ ఉత్తరం శనివారం సాయంత్రం అందింది.

గురువారం నలభై మంది వచ్చారు. అందరినీ బండ్ల కొట్టంలోకి పంపి, "లోపల చూస్తూ ఉండండి, తాళం తెస్తాను" అని తాంబూర్ దగ్గరికి పరిగెత్తాను. నెలవంక చుట్టూ అరచేతి మేర వెంట్రుకలన్నీ తీసేశాను. రెండో తుంటి మీద, మెడ మీద కూడా అక్కడక్కడా కత్తిరించాను, గజ్జి పట్టిన గుర్రమనుకుని కసాయి అసహ్యించుకోవాలని. వాడు కదలకుండా నిలబడ్డాడు. గొంతు నాది కదా. చాలా తెలివైనదాన్నని అనుకున్నాను. తిరిగొచ్చి జనానికి బండ్ల గురించి చెబుతుంటే నాకు నవ్వొచ్చింది కూడా.

శుక్రవారం ల మోవాల్ గారు గుర్తు ఉందన్న ధీమాతో, మళ్ళీ చూడకుండా వాన్ వెళ్ళిపోయాడు. శనివారం లారీ వచ్చింది. 'గుర్తున్నది వదిలి మిగతావి' అని లారీవాడి కాగితంలో ఉంది. మూడింటిలో దేనికీ గుర్తు లేదు. మాతురాన్ అభ్యంతరం చెప్పాడట. "గుర్తు చూపించు, దించేస్తాను" అన్నాడట లారీవాడు. పాపం ఆ మనిషి తాంబూర్ తుంటి తడిమి తడిమి చూశాడట. బల్ల మీద నించి లారీలోకి ఎక్కించేటప్పుడు తాంబూర్ అంచు కనబడక రెండుసార్లు మోకాళ్ళ మీద పడ్డాడట.

ఇదంతా నాకప్పటికి తెలియదు. రెండు గంటలకి శాల గేటు దగ్గరికి వెళ్ళేసరికి ఎఫ్లామ్ నిలబడి ఉన్నాడు. ఇరవై కిలోమీటర్లు నడిచొచ్చాడు. చేతిలో కొత్త పగ్గం, భుజాన సంచి. పదిహేనేళ్ళ తర్వాత వాడి మొహం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

"పగ్గం పట్టుకోవడం వచ్చిందా ఇప్పటికైనా? కాళ్ళకి కట్టు కట్టడం కూడా నేర్చుకున్నావా?" అన్నాను.

"తాంబూర్ కోసం వచ్చాను సోయిజిక్."

"ఆలస్యమైంది. నువ్వు కొనే గుర్రాలు ఇక్కడ లేవు, పో."

నేనది పొగరుకి అన్న మాట. లోపలికి వెళ్ళాకే అది నిజమని తెలిసింది. మాతురాన్ ఖాళీ కొట్టం ముందు బోర్లించిన బాల్చీ మీద కూర్చుని ఉన్నాడు. ఎఫ్లామ్ కాఫీ హోటల్‌కి పరిగెత్తి కబేళాకి ఫోన్ చేయించాడు. ఎవరూ ఎత్తలేదు. ఇవాళ పొద్దున ఎత్తారు. శనివారమే అయిపోయిందట.

నేనే చంపుకున్నాను హెర్వే. నా గొంతు విని కదలకుండా నిలబడినవాణ్ణి.

ఇంకొకటి కూడా చెప్పాలి. ల మోవాల్ గారు తిరిగొచ్చి నిప్పులు కక్కుతున్నాడు. లారీవాడు పోయించిన మందుకి ఆశపడి మాతురానే గుర్తు చెరిపాడని ఆయన నమ్మకం. శాల తాళాలు లాక్కున్నాడు. మాతురాన్ నాకేసి చూశాడు. నేను గోడవైపు చూశాను. ల మోవాల్ గారికి నువ్వేమీ రాయకు.

సోయిజిక్


త్రెమార్గ్
మే 12

అక్కా,

నువ్వొక్కదానివే చంపలేదు.

నువ్వు మే 4న రాసిన ఉత్తరం నాకు పోయిన గురువారం పొద్దున పది గంటలకే అందింది. కత్తెర మాట చదవగానే నువ్వేం చెయ్యబోతున్నావో అర్థమైపోయింది. తపాలా కార్యాలయం ఇక్కడికి రెండు వీధుల అవతల. 'గుర్తు ఎఫ్లామ్‌ది, ముట్టుకోకు' అని తంతి ఇస్తే మధ్యాహ్నానికల్లా నీ చేతిలో ఉండేది. వెళ్ళాను. ఫారం మీద ఎఫ్లామ్ పేరు రాసి, కొట్టేసి, చించేసి వచ్చేశాను. నాలుగు మాటల్లో ఆ పేరు చూస్తే నువ్వు నన్ను జన్మలో క్షమించవనిపించింది. వివరంగా రాస్తే అర్థం చేసుకుంటావనుకున్నాను. గురువారమంతా రాశాను. శుక్రవారం మళ్ళీ మొదలుపెట్టి రాశాను. తాంబూర్ కన్నా నీ దగ్గర నా మొహం ఎలా ఉంటుందన్నదే నాకు ముఖ్యమైంది. ఒక్కరోజుకి ఏమవుతుందిలే అనుకున్నాను.

ఎఫ్లామ్ కూడా పక్క పెరట్లోనే ఉన్నాడు. అతనికి చెబితే ఆ రోజే బయల్దేరేవాడు. మా అక్క ఇలాంటిది చేస్తుందని అతనికి చెప్పడం నాకు నామోషీ అయింది.

అతను తిరిగొచ్చి గానుగ దగ్గర పరిచిన కొత్త గడ్డి ఎత్తేసి ఆవులకి వేశాడు. నాన్న సంగతి ఆ సాయంత్రం నేనే అడిగాను. కాళ్ళకి కట్టు ఎందుకు లేదని. "నేను మర్చిపోయానో, లేత గుర్రం బెదురుతుందని మీ నాన్న వద్దన్నాడో నాకు గుర్తు లేదు. ఇరవై ఏళ్ళవాణ్ణి. రోజూ గుర్తు చేసుకుంటాను, రోజుకోలా గుర్తొస్తుంది. మీ అక్కకి ఏమని చెప్పను?" అన్నాడు. నేను నమ్మాను. నువ్వు నమ్మక్కర్లేదు.

మాతురాన్ గురించి నీకు సలహా చెప్పే మొహం నాకు లేదు.

హెర్వే


కెర్గెన్
జూన్ 13, సోమవారం

హెర్వే,

నెల రోజులు నీకు రాయలేదు. కోపం కాదు, మొదటి వారం కోపమే. తర్వాత ఆ తంతి ఫారం సంగతి ఆలోచిస్తుంటే నీ స్థానంలో నేనుంటే ఏం చేసేదాన్నో తెలిసొచ్చింది.

మాతురాన్‌ని ఇంకో ఊరి శాలకి పంపించేస్తున్నారని ఈ నెల మొదటి ఆదివారం పొద్దున చర్చిలో విన్నాను. భార్య పక్కింటావిడ భుజం మీద పడి ఏడుస్తోంది. ఆ మధ్యాహ్నం ఇరవై మందిని వెంటబెట్టుకుని శాలకి వెళ్ళాను. ఎఫ్లామ్ కూడా టికెట్ కొనుక్కుని వాళ్ళ వెనకే వచ్చాడు. ఎందుకొచ్చావని నేనడగలేదు. ల మోవాల్ గారు వాకిట్లో ఉన్నాడు. మాతురాన్ పెరడు ఊడుస్తున్నాడు. ఖాళీ కొట్టం ముందు ఎప్పటిలాగే ఎవరో ఒకరు ఆగుతారు కదా. తలుపు మీద పేరు పలక ఇంకా తీయలేదు. ఒక ముసలాయన, "ఈ తాంబూర్ కూడా పెళ్ళికి వెళ్ళాడా?" అన్నాడు.

"లేదండీ. వాడికి చూపు పోతుంటే బతికించాలని ఒకాయన కొనుక్కున్నాడు. ఆయన వేసిన గుర్తుని కసాయి గుర్తనుకుని నేను కత్తెరతో చెరిపేశాను. అందుకని కసాయి తీసుకెళ్ళాడు. మాతురాన్ తప్పేమీ లేదు" అన్నాను. నా గొంతు వంతెన గురించి చెప్పేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. అది నాకే వింతగా తోచింది.

చిన్నపిల్ల ఒకతి వాళ్ళమ్మని ఏదో అడగబోతే ఆవిడ నోరు నొక్కింది. చీపురు చప్పుడు ఆగిపోయింది. ల మోవాల్ గారు నా దగ్గరికి వచ్చాడు.

"నెల్రోజులు నా మనిషిని దొంగని చేసి నిలబెట్టావు" అన్నాడు.

"అవునండీ."

"ఆ గుర్రం కోసం నేను ఎన్ని గడపలు తొక్కానో తెలుసా?"

"హెర్వే రాశాడు."

"ఇక నువ్వు ఈ గేటు దాటి లోపలికి రావద్దు సోయిజిక్. నేను బతికుండగా వద్దు."

సరేనన్నాను. తాళాల గుత్తి జేబులోంచి తీసి మాతురాన్ చేతిలో పెట్టాడు. మాతురాన్ వాటిని అందుకుని నావైపు చూడకుండా లోపలికి వెళ్ళాడు.

బయట ఎఫ్లామ్ ఆగాడు. "ఆ రోజు గుర్రానికి లేని కాళ్ళకట్టు గురించి ఇక నిన్ను అడగను" అన్నాను.

"ఎందుకు అడగవు?"

"నీకు తెలియదని హెర్వే రాశాడు."

"నిజంగానే తెలియదు సోయిజిక్."

"నమ్ముతున్నాను" అన్నాను. ఇంకో రెండు ప్రశ్నలు నాలుక చివరిదాకా వచ్చాయి, దాచను. మింగేశాను. చాలా కష్టమైంది. అతను టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, త్రెమార్గ్ దారి పట్టాడు.

ఇప్పుడు గురువారం, ఆదివారం జనానికి ఊరంతా చూపించి శాల గేటు దాకా తీసుకొస్తున్నాను. అక్కణ్ణించి మాతురాన్ తిప్పుతాడు. పాపం మాటలు రావు, ఖాళీ కొట్టాల తలుపుల మీది గుర్రాల పేర్లు మాత్రం చదివి చెబుతాడు. ముప్పావు గంట నేను గేటు బయట నిలబడి ఉంటాను. మీరెందుకు రావడం లేదని ఇప్పటికి నలుగురు అడిగారు. నలుగురికీ చెప్పాను.

అక్క,
సోయిజిక్